కథల పోటీకి ఏ లిపి?

కథల పోటీ ప్రకటన కనబడగానే నేను ముందు చూసేది బహుమతి మొత్తం కాదు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే నిబంధనలు. వృత్తి దోషం అనుకోండి. స్పెసిఫికేషన్ చదవకుండా కోడు రాస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా! "రచన యూనికోడ్ తెలుగులోనే పంపాలి" అన్న నిబంధన నాకెప్పుడూ ముచ్చటగానే ఉండేది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఆ ఫాంటు లేకపోతే తెరనిండా పిచ్చిగీతలు. ఆ రోజులు గుర్తున్నవాళ్ళెవరైనా యూనికోడ్‌కు దండం పెడతారు. ఆర్.టి.ఎస్.తో మొదలుపెట్టి, 2006లో వచ్చిన లేఖినితో కుదుటపడ్డవాణ్ణి నేను. అలాంటి నన్ను కిందటేడు కౌలాలంపూరులో ఆ నిబంధనే ఇరకాటంలో పెట్టింది.

ఇక్కడ నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటలో పుట్టారు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చారట. ఇంట్లో తెలుగు, చదివింది తమిళ బడిలో. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగినప్పుడు వెళ్ళి, ఓ పుస్తకం కూడా కొనుక్కొచ్చారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది. చదవలేరు. ఆయన చక్కగా మాట్లాడే భాషకు ఆయన దగ్గర అక్షరాలు లేవు.

అలాంటి మనిషి కథ రాశారు. మద్రాసుకీ పినాంగుకీ మధ్య తిరిగిన రజులా ఓడ ఎక్కి ఊరికి వెళ్ళిపోవాలని ఏళ్ళ తరబడి పెట్టె సర్ది ఉంచుకున్న వాళ్ళ నాయనమ్మ కథ. భాష తెలుగే, లిపి మాత్రం తమిళం! ఫోనులో సెల్లినం పెట్టుకుని టైపు చేశారు. అన్నట్టు, ఆ సెల్లినం చేసిన ముత్తు నెడుమారన్ మలేషియావారే. ఆపిల్ కంప్యూటర్లలోని తెలుగు సంగం ఎం.ఎన్. ఫాంటు కూడా ఆయన రూపొందించిందే. మన అక్షరాలను ఒక మలేషియా తమిళుడు గీసిపెడితే, మలేషియా తెలుగువాడొకడు తన కథను తమిళ అక్షరాల్లో రాసుకున్నాడన్నమాట.

"బాబూ, దీన్ని తెలుగులోకి మార్చి పోటీకి పంపుతావా?" అన్నారు. ఓస్, అదెంత అనుకున్నాను. యూనికోడ్‌లో ప్రధాన భారతీయ లిపులు 1988 నాటి ఇస్కీ వరుసలోనే పేర్చి ఉన్నాయి. తమిళ 'క'కూ తెలుగు 'క'కూ తేడా సరిగ్గా 128. ప్రతి అక్షరానికీ 128 కలుపుతూ పోవడమే, అయిదు లైన్ల ప్రోగ్రాము. రాసి నడిపాను. తెరనిండా ఖాళీ డబ్బాలు! తమిళంలో 'న'లు రెండు. మాట మధ్యలో వచ్చే రెండో 'న'కు సరిపడే చోటు తెలుగు పట్టికలో ఖాళీ. కాబట్టి 'నేను' అన్న మాటలోనే రెండో అక్షరం ఎగిరిపోయింది.

దాన్ని సరిచేయడం ఒక్క నిమిషం పని. అసలు చిక్కు వేరే. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ట-డ, త-ద, ప-బ కూడా అంతే. 'కుడి', 'గుడి' ఒకేలా కనబడతాయి. 'పండి', 'బండి' కూడా. అలాంటి అక్షరాలు మూడున్న మాటకు, ఒత్తులు వదిలేసినా, ఎనిమిది రూపాలు. నిఘంటువుతో వడపోసినా రెండుమూడు మిగులుతాయి. ఏది సరైనదో చెప్పగలిగింది బాబాయ్ నోరొక్కటే.

సరే, చదివించి వాయిస్ టైపింగుతో ఎక్కిద్దామనుకున్నాను. గూగుల్ 2017లోనే తెలుగుకు ఆ సౌకర్యం ఇచ్చింది. ఆయన "ఎల్లిపోనాది" అంటే అది "వెళ్ళిపోయింది" అని రాసింది. "పసార్ మాలం" అంటే, ఇక్కడి రాత్రి సంత లెండి, "ప్రసార మాల" అంది. ఏ.ఐ.కి ఇచ్చి అచ్చుతప్పులు మాత్రమే దిద్దమంటే, నాయనమ్మకు పత్రికల భాష నేర్పి, చివర్లో ఆవిడ కళ్ళు చెమర్చేలా కూడా చేసింది. బాబాయ్ విని, "మా నాయనమ్మ అలా ఏడిసే మనిషి కాదు" అన్నారు.

చివరికి నాలుగు ఆదివారాలు ఎదురెదురుగా కూర్చుని ఒక్కో మాటా టైపు చేశాం. అప్పుడొచ్చింది హామీపత్రం. "ఇది పూర్తిగా నా స్వీయ రచన" అన్నదాని కింద ఆయన సంతకం పెట్టడానికి జంకారు. టైపు చేసింది నువ్వు కదా అని ఆయన అనుమానం. ఒక్క క్లిక్కుతో కథ వండించుకున్నవాడు మాత్రం ఆ కాగితం మీద నిశ్చింతగా సంతకం పెట్టగలడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వంగూరి ఫౌండేషన్ వారు తమ ఉగాది పోటీల్లో మొట్టమొదటి కథకూ కవితకూ వేరే విభాగం పెట్టి మంచి దారి వేశారు. కొత్తవాళ్ళకోసం పోటీ పెట్టేవాళ్ళు ఇంకో అడుగు వేసి, ఏ లిపిలో ఉన్నా, గొంతుతో చెప్పినా కథను తీసుకోవాలి. తెలుగు లిపిలోకి ఎత్తిరాసినవారి పేరు అడుగున వేయండి చాలు. గొంతు వింటే మనిషెవరో తెలిసిపోతుందంటారా? న్యాయమైన అభ్యంతరమే. ఎత్తిరాత నిర్వాహకులు చూసుకుని న్యాయనిర్ణేతలకు కాగితమే ఇవ్వచ్చు. అంత పని ఎవరు చేస్తారంటే, విదేశాల్లో వారాంతాల్లో తెలుగు కోసం ఏదైనా చేస్తామని ఆవేశపడేవాళ్ళం మనం ఇంతమందిమి ఉన్నాం కదా!

మా కథకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతలను తప్పుపట్టను, మధ్యలో కొంచెం సాగింది కూడా. ఫలితం చెప్పడానికి వెళితే బాబాయ్ ఫోను నా చేతిలో పెట్టారు. రెండో కథ మొదలుపెట్టారు. మొదటి పేరాలోనే కుడో గుడో తేలని మాట ఒకటుంది.