ఇల్లూ వాకిలీ: బొంతకు ముందు మూట సర్దుకుందాం

పండుగలూ పెళ్ళిళ్ళూ ముగిసేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక గుడ్డల మూట తయారవుతుంది. దర్జీ తిరిగి ఇచ్చిన రవికె గుడ్డ ముక్కలు, పిల్లలకు పొట్టివైపోయిన గౌన్లు, అంచు బాగుండి మధ్యలో చిరిగిన అమ్మమ్మగారి నూలుచీర. పారేయడానికి మనసొప్పదు, దాచడానికి చోటు చాలదు. చివరికి ఆ మూట మంచం కిందే బూజుపట్టి, ఒకరోజు చెత్తబండి ఎక్కుతుంది.

మన బొంతకు మనమున్న చోట్ల చుట్టాలు చాలామందే ఉన్నారు. ఉత్తర కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అంచున మొదలై, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుతుంది. నాలుగు మూలలా ‘పువ్వులు’ అనే చిన్న ముక్కలు పడితేగాని అది పూర్తయినట్టు కాదు. ఎవరు కుట్టినా ముందు కావలసింది మాత్రం సర్దిన మూటే.

మొదట ఉతకండి. కొత్త నూలుగుడ్డ ఉతికితే కుదించుకుపోతుంది. ఉతకకుండా కుడితే తొలి ఉతుకులోనే బొంత ముడతలు పడుతుంది. ఎరుపు, నీలం ముక్కలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే వాటిని వేరే ఉంచండి. దాచబోయే గుడ్డకు గంజి వద్దు, గంజికి పురుగు చేరుతుంది. హుక్కులు, గుండీలు, జిప్పులు విప్పి ఒక డబ్బాలో వేయండి. తుప్పు మరక ఒకసారి పడితే వదలదు.

తరువాత రకాలు విడదీయండి. నూలు ఒకచోట, పట్టు ఒకచోట, పాలియెస్టరు మరొకచోట. పాలియెస్టరు నూలులాగా కుదించుకోదు, చెమట పీల్చదు. బాగా నలిగిన పాతగుడ్డను గట్టి కొత్తగుడ్డ పక్కన అతికితే, కొత్తది లాగి పాతదాన్ని చింపుతుంది. అటువంటి పాతచీరలు లోపలి పొరలకు పనికొస్తాయి.

ఇక కొలతలు. జానెడుకు మించినవి ఒక కట్ట, బెత్తెడు ముక్కలు ఒక కట్ట, పొడుగాటి అంచులు చుట్టగా చుట్టి వేరొకటి. అంతకన్నా చిన్న పీలికలు దిండులోకి పోతాయి.

పాలిథిన్ సంచులు వద్దు, చెమ్మ లోపలే నిలిచి బూజు పడుతుంది. పాత దిండు గలేబులు చాలు, వాటిని ట్రంకుపెట్టెలో పేర్చుకోవచ్చు. వానాకాలం వెళ్ళాక నూలును ఎండలో, పట్టును నీడలో ఆరవేయండి. చెన్నై వైపువారు సంక్రాంతి దాటాక ఆ పని పెట్టుకుంటే మేలు.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. పసిబిడ్డ బొంతకు ఉంచిన గుడ్డల్లో కలరా ఉండలు వేయకండి. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతో లోపించిన బిడ్డకు వాటి నాఫ్తలీన్ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు చితికి, కామెర్లు ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపం బిడ్డను చూసి చెప్పగలిగేది కాదు. ఎండిన వేపాకు చిన్న సంచిలో కట్టి వేయండి, ఏడాదికి రెండుసార్లు మూట విప్పి దులపండి.

చివరిగా పిల్లలను పిలవండి. తెల్లని నాడా ముక్క మీద పెన్సిలుతో ‘నాయనమ్మ చీర కొంగు’, ‘అన్నయ్య అక్షరాభ్యాసం చొక్కా’ అని తెలుగులో రాయించి, కట్టకు దారంతో కుట్టండి. బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివే పిల్లకు కొంగు, అంచు, రవికె, పీలిక అనే మాటలు చేతికి తగులుతూ వస్తాయి. ఆ చీర ఎవరిదో చెప్పగలిగినవారు ఇంట్లో ఉండగానే ఈ పని కానివ్వండి.

మీ వైపు బొంతను ఏమంటారో, లోపల ఎన్ని పొరలు వేస్తారో మాకు రాయండి. పొరలు పేర్చి కుట్టే పద్ధతి వచ్చే సంచికలో చూద్దాం.