అగ్నిగిరి ముంగిట అతిథి

విహారయాత్ర అనగా కనులపండుగ అనే భావం మన విద్యార్థిలోకంలో బలంగా నాటుకొని ఉన్నది. చూడవలసినవి చూసి, ఛాయాచిత్రాలు తీసుకొని, గుర్తుగా ఏదో ఒకటి చేతబట్టుకొని తిరిగిరావడమే యాత్రాఫలమని తలుస్తున్నాము. ఈ భావం ఎంత అసంపూర్ణమో గ్రహించడానికి, పసిఫిక్ మహాసముద్ర మధ్యంలోని హవాయి దీవిలో గల అగ్నిపర్వతాల జాతీయవనాన్ని మించిన ఉదాహరణ మాకు కనిపించలేదు.

1916లో ఏర్పడిన ఈ వనాన్ని 1987లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. 4,169 మీటర్ల మౌనా లోవా, 1,247 మీటర్ల కిలౌయా అనే రెండు సజీవ అగ్నిపర్వతాలు ఇందులో కలవు. కిలౌయా శిఖరం నుండి సముద్రతీరం దాకా సుమారు 30 కిలోమీటర్ల రహదారి దిగుతుంది. దాని కొసను లావా కప్పివేసినందున దారి అక్కడే ఆగిపోతుంది. 1983లో మొదలైన ఒక ఉద్గారం 2018 దాకా సాగింది. ఆ 2018లోనే వనానికి తూర్పున 700కు పైగా ఇండ్లు లావాకు ఆహుతి అయ్యాయి. శిఖరబిలం కుంగిపోయింది. వనంలో అధికభాగాన్ని నాలుగు నెలలకు పైగా మూసివేయవలసి వచ్చింది.

ఇంతటి అగ్నిని చూచినవారు ఆ దీవికి శత్రువు అగ్నియేనని అనుకొంటారు. మా అభిప్రాయం వేరు. లావా చల్లారిన రాతి పగుళ్లలో, ఎర్రని పూలు పూచే 'ఒహియా' వృక్షం తొలుత మొలకెత్తుతుంది. దాని నీడన అడవి మళ్లీ లేస్తుంది. అగ్నితో సహజీవనం ఆ అడవికి అనాదిగా తెలుసు. దానికి తెలియనిది బయటినుండి వచ్చే అతిథి.

ఈ అతిథులలో ఒకటి మన దేశపుదే కావడం గమనార్హం. చెరకు తోటలలో ఎలుకల బెడదను నివారించగోరి, 1872లో కలకత్తా నుండి ముంగిసలను జమైకాకు తీసుకొనిపోయారు. అక్కడినుండి 1883లో హవాయి తోటల యజమానులు తెప్పించుకొన్నారు. పాముపై ముంగిస పరాక్రమాన్ని కథలుగా విని పెరిగిన మనకు ఇది గర్వకారణంగా తోచవచ్చును. కాని ఎలుక ప్రధానంగా రాత్రి సంచరించేది, ముంగిస పగలు సంచరించేది. ఒకరి దారికి ఒకరు అంతగా అడ్డురాలేదు. ముంగిస నేలపై పెట్టిన పక్షిగుడ్లను మరిగింది. ఆ దీవులలో తప్ప మరెక్కడా సహజంగా కానరాని ఒక బాతుజాతి పక్షి కలదు. దాని పేరు 'నేనే'. తెలుగు చెవికి ఈ పేరు ఎంత ఆత్మీయంగా వినిపిస్తుందో! మానవుల వేట, పిల్లులు, ముంగిసలు అన్నీ తోడై, గత శతాబ్ది మధ్యనాటికి ఈ పక్షులు ముప్పై మాత్రమే మిగిలాయి. ఎందరో పూనుకొని పెంచి విడువగా, 2019 నాటికి గాని వాటిని అంతరించే ప్రమాదపు జాబితా నుండి ఒక మెట్టు దించలేకపోయారు. ముంగిస స్థిరపడని కవాయి దీవిలో ఇవి బాగుగా వృద్ధి పొందడం కారణాన్ని చెప్పకనే చెబుతున్నది.

నేటి అతిథి కంటికి కూడ కనిపించదు. ఒహియా వృక్షాలను కొద్దికాలంలోనే ఎండబెట్టి చంపుతున్న ఒక శిలీంధ్రాన్ని 2014లో గుర్తించారు. చెట్టు బెరడుకు తగిలిన గాయం ద్వారా ఇది లోపలికి ప్రవేశిస్తుంది. బురద అంటిన పాదరక్షల వెంట ఒకచోటినుండి మరొకచోటికి ప్రయాణం చేయగలదు. అందుచేత కాలిబాటల మొదట బ్రష్షులు ఉంచి, జోళ్ల మట్టి దులుపుకొని, మందు చల్లుకొని లోపలికి రమ్మంటున్నారు.

రుసుము చెల్లించి, వేల మైళ్లు ప్రయాణించి వచ్చినవానికి ఈ ఆంక్షలేమిటని కొందరు వాదిస్తారు. ఈ వాదం మాకు సమ్మతం కాదు. 2019 మే నెలలో ఒక సైనికుడు బిలం అంచున ఉన్న కటకటాలు దాటి, జారి పడి, తీవ్రంగా గాయపడ్డాడు. రుసుము చీటీ అగ్నిగిరితో ఒడంబడిక కాదు గదా! అంతేకాదు, హవాయి ఆదివాసులకు అది పేలే అనే దేవత నివాసం. వారి విశ్వాసం మనది కానక్కరలేదు. మసీదు గడపవద్ద, దర్గా మెట్లవద్ద జోళ్లు విడవడం బాల్యంనుండి అలవడిన మనకు, పరుల పవిత్రస్థలంలో అడుగిడే ముందు జోళ్లు శుభ్రపరచుకొనడం కష్టంగా తోచరాదు. అక్కడి రాయిని జేబులో వేసుకొని పోవడం చట్టరీత్యా నేరం. నేరం కాకపోయినా అది అతిథి చేయదగిన పని కాదు.

మన విద్యార్థులలో హవాయి చూడగలిగేవారు ఎందరుంటారని కళాశాల సంఘంవారు అడుగవచ్చును. బహుశా ఒకరిద్దరు. కాని ఏటేటా మన కళాశాల ఏదో ఒక కొండకో, అడవికో, జలపాతానికో విద్యార్థులను తీసుకొనిపోతూనే ఉన్నది. భోజనానికి, బస్సుకు, బసకు లెక్కలు వేసే సమావేశంలోనే మరొక అంశాన్ని చేర్చవలసిందని సంఘంవారికి మా విజ్ఞప్తి. ప్రయాణానికి ముందు ఒక గంట, వృక్షశాస్త్ర, భూగోళశాస్త్ర ఉపన్యాసకులు విద్యార్థులను కూర్చోబెట్టి, చూడబోయే స్థలంలో ఏది ముట్టరాదో, ఎందుకు ముట్టరాదో, ఉర్దూలోను తెలుగులోను వివరించాలి. దీనికి ఒక్క రూపాయి కూడ ఖర్చు కాదు.