రాని రిపోర్టు కోసం ఎదురుచూపు

షుగరుకు చూపించడానికి మా పెదనాన్నను ఓ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు రెండు ట్యూబుల రక్తం తీసింది. ఒకదాని మీద పేరు, ఓపీ నంబరు రాసింది. రెండోదాని మీద కోడ్ స్టిక్కరు మాత్రమే అతికించింది. నాలుగు పేజీల కాగితం ముందు పెట్టి, సంతకం ఎక్కడ చేయాలో చూపించింది. చేసేశాడు. సాయంత్రం కౌంటర్లో ఒక్క రిపోర్టే చేతికొచ్చింది. ‘‘రెండోదేదమ్మా?’’ అని అడిగితే, ‘‘అది రీసెర్చ్‌కి తాతా, దానికి రిపోర్టు రాదు’’ అంది అక్కడి అమ్మాయి. అందులో ఏదో పెద్ద జబ్బు బయటపడిందనీ, తన దగ్గర దాస్తున్నామనీ ఆయన నెలరోజులు నలిగిపోయాడు.

దీన్ని చదువు తక్కువ మనిషి అమాయకత్వం అనుకుంటే పొరపాటే. అదే కుర్చీ, అదే సూది, అదే నర్సు. వైద్యం కోసం తీసినా, పరిశోధన కోసం తీసినా మన నోట వచ్చేది ‘టెస్టు’ అనే మాటే. టెస్టు అంటే రిపోర్టు ఉండాలి, రిపోర్టు చూసి డాక్టరు మందు రాయాలి. ఆసుపత్రిలో ఏం చేసినా తన మేలుకేనన్న నమ్మకంతోనే రోగి చెయ్యి చాపుతాడు. అమెరికాలో మనోవైద్యుడు పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహచరులు 1982లోనే ఈ పొరబాటును గుర్తించి దానికో పేరు పెట్టారు. తెలుగులో ‘చికిత్సా భ్రమ’ అనవచ్చు. మందుల ప్రయోగంలోనైతే రోగికి కనీసం ఒక మాత్రో, సూదో అందుతుంది. నమూనా ఇచ్చినవారికి అదీ ఉండదు. పేరు పోయి కోడ్ మిగులుతుంది. ఆ ట్యూబు ఏళ్ల తరబడి ఫ్రీజర్‌లో ఉండి, ఎప్పుడో మరో ప్రశ్న కోసం బయటికి వస్తుంది.

ఆ మరో ప్రశ్న ఏదైనా కావచ్చు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవసుపాయ్ అనే ఆదివాసులున్నారు. మధుమేహం వారిని పీల్చి పిప్పి చేస్తోంది. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు రక్తం అడిగితే, తమ జబ్బుకు దారి దొరుకుతుందన్న ఆశతో ఇచ్చారు. సంతకం చేసిన పత్రంలో మాత్రం ‘ప్రవర్తనా, వైద్య రుగ్మతల కారణాలు’ అని విశాలంగా రాసుంది. అదే రక్తంతో స్కిజోఫ్రేనియా మీదా, దగ్గరి సంబంధాల వివాహాల మీదా, వారి పూర్వీకుల వలసల మీదా అధ్యయనాలు సాగాయి. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జాతికి ఇది ఎంత గాయమో ఊహించండి. కోర్టు పోరాటం తర్వాత 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగిచ్చింది.

మనకూ ఖమ్మం అనుభవం ఉంది. 2009లో హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో గిరిజన బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది.

పరిశోధన వద్దని నేననడం లేదు. ఆర్యవైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఓ కండరాల సడలింపు మందు ప్రభావం ప్రమాదకరంగా ఎక్కువసేపు ఉండిపోతుంది. దాని వెనకున్న జన్యులోపం తెలిసింది రక్త నమూనాల వల్లే. అలాంటి మేలు కోసం అడిగితే కాదనేవారు తక్కువే.

నమూనాలు దాచుకోవడానికీ, తర్వాత వాడుకోవడానికీ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి అనుమతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోటు నిబంధనలో కాదు, ఆ మాట ఎవరు, ఎప్పుడు చెబుతున్నారన్నదాంట్లో ఉంది. సూది గుచ్చే కుర్చీ దగ్గర కాదు, అంతకు ముందే చెప్పాలి. వైద్యం చేసే డాక్టరు అడిగితే రోగి కాదనలేడు కాబట్టి ఆ పని మరొకరికి అప్పగించాలి. ‘‘ఈ రక్తం మీ వైద్యానికి కాదు. ఇవ్వకపోయినా మీ వైద్యం ఆగదు. రిపోర్టు రాదు’’ అన్న మూడు ముక్కలూ కాగితంలో మొదటే ఉండాలి. ఆ తర్వాత ‘‘రిపోర్టు వస్తుందా?’’ అని రోగినే అడగాలి. వస్తుందంటే, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

సంతకం చేసిన కాగితం నకలు రోగికి ఇవ్వడం కూడా నిబంధనే. మా పెదనాన్నకు ఇవ్వలేదు. ఆ రెండో ట్యూబు ఏ పరిశోధనకు వెళ్లిందో, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలో మాకు ఇప్పటికీ తెలియదు.