సభ సమాచారానికీ గడువు కావాలి

ఆంధ్రప్రదేశ్ శాసన మండలిని రద్దు చేయాలని 2020 జనవరి 27న అసెంబ్లీ తీర్మానించింది. 2021 నవంబరు 23న ఆ తీర్మానాన్ని అదే సభ వెనక్కి తీసుకుంది. ఆ మధ్యకాలంలో మండలి ఉన్నట్టా, పోయినట్టా? పార్లమెంటు చట్టం చేస్తే తప్ప పోదు గనుక, ఉన్నట్టే. కానీ వార్త విని, రద్దయిందనుకున్నవారిని తప్పుపట్టలేం.

భూముల దగ్గరికొచ్చేసరికి ఈ గందరగోళం ఖరీదు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో భూ హక్కు చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద రచ్చయింది. అదే ఏడాది జులైలో కొత్త సభ దాని రద్దు బిల్లును ఆమోదించింది. తెలంగాణలో ధరణి పోర్టల్ నాటి భూ రికార్డుల చట్టం పోయి, 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం వచ్చింది. బిల్లు సభ దాటేది ఒకరోజు, గవర్నర్ సంతకం ఇంకోరోజు, గెజెట్ మరోరోజు, అమలు ఎప్పుడో. తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కే రైతుకు కావాల్సింది ఆ చివరి తేదీ. దానికోసం దస్తావేజు లేఖరి మాట నమ్ముకోవాల్సిన పని ఏమిటి? ఏ బిల్లు ఏ మెట్టున ఉందో, ఏ తేదీన అక్కడికి చేరిందో తెలుగులో చెప్పే బాధ్యత శాసనసభ సచివాలయానిదే.

ఫిరాయింపుల సంగతి మరీ విడ్డూరం. పార్టీ మారారన్న ఆరోపణలున్న పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలపై పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌ను ఆదేశించింది. ఇలాంటప్పుడు సభ్యుల జాబితాలో పార్టీ పేరు పక్కన పిటిషన్ దాఖలైన తేదీ కూడా ఉండి తీరాలి. జాప్యం ఎంతో జనానికి అప్పుడే లెక్క తెలుస్తుంది. బహుశా అందుకే ఎవరికీ తొందర ఉండదు.

సభలో అన్న మాటలు సరిదిద్దాక గానీ బయటపెట్టలేమన్న సాకు చెల్లదు. పార్లమెంటు తన చర్చల ముసాయిదా ప్రతిని సవరణకు లోబడి ముందే విడుదల చేస్తోంది. స్పీకర్ తొలగించిన మాటలేవో వెంటనే తెలియకపోతే నష్టపోయేది పత్రికలే. బీహార్ సభ తొలగించిన మాటలు అచ్చేసిన సర్చ్‌లైట్ పత్రిక సంపాదకుడి కేసులో 1958లో సుప్రీంకోర్టు సభ పక్షమే వహించింది.

సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడగకుండానే వివరాలు వెల్లడించమంటోంది. సంస్థ, సిబ్బంది వివరాలను ఏడాదికోసారి కొత్తగా రాస్తే దానికి సరిపోతుంది, బిల్లులకు సరిపోదు. మార్పు జరిగిన మర్నాడే సరిదిద్దాలి. సభ వెబ్‌సైట్‌లో ప్రతి పేజీ మీదా సవరించిన తేదీ, బాధ్యుడైన అధికారి హోదా ఉండాలి. నిబంధనలు రాసుకునే అధికారం 208వ అధికరణ సభకే ఇచ్చింది. రెండు రాష్ట్రాల సభలూ వచ్చే సమావేశాల్లోనే ఈ గడువును ఆ నిబంధనల్లో చేర్చాలి.