డ్రిల్లు మాస్టారి ఈల



పోయిన మంగళవారం మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు కన్నుమూశారు. మీలో చాలామంది ఆయన ఈలకు పరుగెత్తినవాళ్ళే. మరునాడు అంత్యక్రియలకు వెళ్ళాను. ఆయన మన విశ్వాసి కారు కదా, పాస్టరుగారు అక్కడికెందుకు వెళ్ళారని ఒకరిద్దరు అడిగారట. ఆయన ఆత్మ సంగతి న్యాయాధిపతియైన దేవునిది. ఆయన వల్ల నేను పొందిన మేలు చెప్పడం మాత్రం నా బాధ్యత. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పేట. మా పేట పిల్లలూ ఊళ్ళో పిల్లలూ ఒకే తరగతిలో కూర్చునేవాళ్ళం గాని, మంచినీళ్ళ దగ్గరా అన్నం దగ్గరా ఎవరి గుంపు వాళ్ళదే. కబడ్డీలో అది కుదరదు. కూతకు వచ్చినవాణ్ణి పట్టాలంటే పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసులా నిలబడాలి. మాస్టారు తన చేత్తోనే సున్నంతో గీతలు గీసి, ఒక పేట పిల్లవాడు, ఒక ఊరి పిల్లవాడు, మళ్ళీ ఒక పేట పిల్లవాడు, ఇలా మమ్మల్ని నిలబెట్టేవారు. మొదట్లో కొందరు నా చెయ్యి పట్టుకోకుండా చొక్కా అంచు పట్టుకునేవారు. కూతకు వచ్చినవాడు ఆ సందులోంచే దూరి పోయేవాడు. మాస్టారు ఈల ఊది, "చెయ్యి పట్టుకోరా, చొక్కా కాదు" అనేవారు. అంతే. దాని మీద ఆయన ఏనాడూ ఉపన్యాసం ఇవ్వలేదు. పదో తరగతికి వచ్చేసరికి ఎవరి చెయ్యి ఎవరిదో మాకు గుర్తుండేది కాదు. బుధవారం నాడు ఆయన పాడె మోసింది ఆ చేతులే. అందులో నా చెయ్యి కూడా ఉంది.

శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే నేను వేసిన ఒక తాళం గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

రెండేళ్ళ క్రితం మన కుర్రాళ్ళు ఆదివారం సాయంత్రాలు చర్చి ఆవరణలో వాలీబాల్ ఆడుతుంటే, పరిశుద్ధ దినాన ఇదేమిటని నేనే మందలించి గేటుకు తాళం వేయించాను. ఆ వారం ప్రసంగంలో ఎరిక్ లిడెల్ సాక్ష్యం కూడా చెప్పాను. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు పోటీల తొలి రౌండు ఆదివారం పడిందని, ప్రభువు దినాన పరుగెత్తనని ఆయన ఆ పోటీనే వదులుకున్నాడు. తర్వాత నాలుగు వందల మీటర్ల పరుగులో 47.6 సెకన్లలో గెలిచి బంగారు పతకం తీసుకున్నాడు. ఇదంతా నిజమే. అయితే నేను మీకు సగం కథే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1925లో, లిడెల్ కీర్తిని అక్కడే వదిలేసి చైనాకు వెళ్ళాడు. మిషనరీ తల్లిదండ్రులకు ఆయన పుట్టిన దేశం అదే. తియెన్‌జిన్ పట్టణంలోని ఒక మిషను విద్యాలయంలో కుర్రాళ్ళకు సైన్సు పాఠాలు చెప్పాడు, ఆటలు నేర్పాడు. మన భాషలో చెప్పాలంటే ఆయన సైన్సు మాస్టారూ, డ్రిల్లు మాస్టారూ. యుద్ధం ముదురుతున్నప్పుడు, 1941లో, గర్భిణి అయిన భార్యనూ ఇద్దరు కూతుళ్ళనూ కెనడాకు పంపించాడు. అక్కడ పుట్టిన మూడో కూతురి ముఖం ఆయన చూడనే లేదు. 1943లో జపాను సైన్యం ఆయన్ని వైషియెన్ అనే చోట నిర్బంధ శిబిరంలో పెట్టింది. తల్లిదండ్రులకు దూరమై ఒక మిషను బడిలో చదువుకుంటున్న పిల్లలు కూడా ఆ శిబిరంలోనే చిక్కుకున్నారు. వాళ్ళకు ఆయన అంకుల్ ఎరిక్ అయ్యాడు. పాఠాలు చెప్పాడు, విరిగిన హాకీ కర్రలు బాగుచేసి ఇచ్చాడు, ఆటలు పెట్టించాడు. ఆదివారం మాత్రం ఆటలు లేవు.

ఒక ఆదివారం పిల్లలు మాట వినకుండా హాకీ ఆడారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాట అయింది. ఆ తర్వాతి ఆదివారం పిల్లలు మైదానానికి వచ్చేసరికి ఆట నడిపించడానికి లిడెల్ అక్కడ నిలబడి ఉన్నాడు.

ఒలింపిక్ పతకం కోసం ఆదివారం పరుగెత్తనన్న మనిషే, ఎవరో కన్న పిల్లలు కొట్టుకోకుండా ఉండాలని ఆదివారం మైదానానికి వచ్చాడు. ఆయన దిగజారిపోయాడా? నేను అలా అనుకోను. పారిస్‌లో వదులుకున్నది తన ఘనత. శిబిరంలో వదులుకున్నది తన పట్టుదల. రెండూ ప్రేమించి వదులుకున్నవే. విశ్రాంతి దినం ఎవరికోసం ఏర్పడిందో మార్కు సువార్త రెండో అధ్యాయం చివరలో ప్రభువు చెప్పారు. ఈ వారం ఇంట్లో దాన్ని మరోసారి చదవండి.

లిడెల్ ఆ శిబిరంలోనే 1945 ఫిబ్రవరి 21న, మెదడులో గడ్డ వల్ల, 43 ఏళ్ళకే ప్రభువునందు నిద్రించాడు. ఇంకో ఆరు నెలలకు శిబిరానికి విడుదల వచ్చింది. చనిపోవడానికి ముందు ఆయన తన పాత పరుగు బూట్లను స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే కుర్రవాడికి ఇచ్చాడు. శత్రువుల కోసం ప్రార్థించడం ఆ కుర్రవాడు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. పెద్దయ్యాక తమను బంధించిన ఆ జపానుకే మిషనరీగా వెళ్ళాడు. గురువు పోయాక మిగిలేది ఇదే.

కొందరు పెద్దలు అడుగుతారని నాకు తెలుసు. ఆటకు తలుపు తీస్తే ఆరాధన చులకన కాదా? న్యాయమైన భయమే. అందుకే ఆరాధన వేళ ఆరాధనదే. అందులో నేను రవ్వంత కూడా సడలించను. కాని గేటుకు తాళం వేసిన ఈ రెండేళ్ళలో మన కుర్రాళ్ళు ఆదివారం సాయంత్రాలు బైబిలు పట్టుకుని కూర్చోలేదు. చెరువు గట్టున ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. కొందరు అంతకంటే చెడ్డ చోట్ల కూర్చున్నారు. నా తాళం వాళ్ళను పరిశుద్ధుల్ని చేయలేదు, మనకు దూరం చేసింది. ఈ విషయంలో తప్పు నాది. ఆ పిల్లల్ని క్షమాపణ అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం నాలుగు గంటలకు గేటు తెరుస్తాం. ఆట ఆరింటికి ముగిస్తాం, చివర్లో ఒక చిన్న ప్రార్థన ఉంటుంది. మన సంఘం పిల్లలే రావాలని లేదు. ఊళ్ళో పిల్లల్ని కూడా పిలవండి. వాలీబాల్ వల చిరిగిపోయింది, ఎవరైనా కొత్తది ఇప్పిస్తే సంతోషం. కబడ్డీకి ఏమీ అక్కర్లేదు, కాస్త సున్నం చాలు. గీతలు నేను గీస్తాను. మోకాళ్ళు సహకరించినంత వరకు ఈల కూడా నేనే ఊదుతాను.

మీకు ఆట నేర్పిన మాస్టారు, టీచరమ్మ ఇంకా బతికి ఉంటే ఈ వారమే వెళ్ళి కలవండి, కుదరకపోతే ఫోను చేయండి. నేను మా మాస్టారితో చెప్పాలనుకుంటూనే కాలం గడిపేశాను. చివరికి చెప్పింది పాడె దగ్గర.

ప్రభువా, మా చేతుల్ని ఒకరి చేతుల్లో ఒకరివిగా పట్టించిన ఆ మనిషి కోసం నీకు స్తోత్రాలు. దుఃఖంలో ఉన్న ఆయన కుటుంబాన్ని ఆదరించు. మా పిల్లల మధ్య నిలబడే ప్రేమ మాకు దయచేయి. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.