కొలవకుండా ఆల్టర్నేటర్ మార్చొద్దు

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ అది. కార్లు తయారుచేసే ప్రాంతం వాటి బాగోగులు చూడటంలోనూ ముందుండాలి. కానీ డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ లైటు వెలిగితే ముందు బ్యాటరీ, తర్వాత ఆల్టర్నేటర్ మార్చేయడమే ఇప్పటికీ చాలాచోట్ల వైద్యంగా చలామణి అవుతోంది. చార్జింగ్ ఆగినంత మాత్రాన తప్పంతా ఆల్టర్నేటర్‌దే అనుకోవడం పొరపాటు. అది నిజంగా చెడిపోయినా, దాన్ని చెడగొట్టిన కారణం పక్కనే దాగి ఉండొచ్చు.

ఇంజిన్ తిరుగుతుంటే బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. అందులో పుట్టిన ఏసీ కరెంటును డయోడ్లు డీసీగా మారుస్తాయి, వోల్టేజీ హద్దు దాటకుండా రెగ్యులేటర్ చూసుకుంటుంది. కార్బన్ బ్రష్‌లు, బేరింగ్‌లు అరిగిపోవడం వాడకంతో వచ్చేదే. మిగతా కారణాలు చాలావరకు బయటివి. బెల్టు వదులైతే జారిపోయి చార్జింగ్ తగ్గుతుంది, మరీ బిగిస్తే బేరింగ్ దెబ్బతింటుంది. ఇంజిన్ నుంచి కారే ఆయిల్ బ్రష్‌లను పాడుచేస్తుంది. మట్టిరోడ్ల దుమ్ము గాలి కంతల్లో పేరుకుంటే లోపలి వేడి బయటికి పోదు. మన ఎండలకు ఆ వేడి తోడైతే డయోడ్లు, వైండింగ్ కాలిపోతాయి. బ్యాటరీలో ఒక సెల్ చచ్చిపోయినా, కారుకు మోయలేనన్ని లైట్లు, యాంప్లిఫయర్లు తగిలించినా ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి లోడు మీద నడవాల్సి వస్తుంది. ఆ కారణాన్ని అలాగే వదిలేసి కొత్తది బిగిస్తే, అదీ పాతదాని దారే పడుతుంది.

ఇలా గుడ్డిగా మార్చేయడానికి విరుగుడు, వోల్టేజీ కొలిచే చవకైన మల్టీమీటర్. నిండా చార్జయిన బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. ఆల్టర్నేటర్ వెనక 14 చూపి బ్యాటరీ దగ్గర 13 చూపితే, లోపం నడుమ ఉన్న వైర్లలోనో తుప్పు పట్టిన ఎర్త్‌లోనో ఉందన్నమాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత పరీక్షను మాత్రం పూర్తిగా మానుకోవాలి. ఆ క్షణంలో ఎగిసిపడే వోల్టేజీకి డయోడ్లు, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోవచ్చు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అవుతుంది.

కొత్త కార్లలో చార్జింగ్‌ను కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి మీటరు లెక్క పనికిరాదని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. అలాంటి కార్లకు మీటరుతో పాటు స్కానర్ కూడా పెట్టాలి. అంటే కొలత ఇంకా పెరగాలే తప్ప తగ్గకూడదు. విప్పి బాగుచేసే కూలీ కన్నా కొత్తది వేయడమే నయమన్నది మరో వాదన. ఒక్కోసారి అదీ నిజమే. అయితే కొత్తది ఎందుకు వేయాల్సి వచ్చిందో తేలకపోతే ఆ ఖర్చు మళ్లీ మీద పడుతుంది. ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఆల్టర్నేటరే ఉండదు కదా అనేవారూ ఉన్నారు. వాటిలోనూ 12 వోల్టుల బ్యాటరీ సాధారణంగా ఉంటుంది, దానికి కరెంటు అందించే కన్వర్టరూ ఉంటుంది. కొలిచే అలవాటు అక్కడా అవసరమే.

అందుకే ఆల్టర్నేటర్ మార్చిన ప్రతి బిల్లు మీదా మార్చకముందు, మార్చిన తర్వాత వోల్టేజీలు, తేలిన కారణం రాసివ్వాలి. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంత ఐటీఐ విద్యార్థులకు పార్టులు బిగించడంతో పాటు లోపం వెతికే పద్ధతినీ చేతికందేలా నేర్పాలి. కారు యజమానులు కూడా డబ్బు కట్టేముందు ఆ అంకెలు అడిగి తీసుకోవాలి. అడిగేవాళ్లు పెరిగితేనే కొలిచి చెప్పే మెకానిక్ షెడ్లు పెరుగుతాయి.