52-56-60 అని గుడ్డిగా కొనేయకండి: వెడ్జ్‌ల లెక్క పీడబ్ల్యూ దగ్గర మొదలవ్వాలి

ఫోన్ కెమెరాల విషయంలో మనల్ని మోసం చేయడం కష్టం. మెయిన్ లెన్స్ తర్వాత ఒకేసారి 5ఎక్స్ టెలిఫోటో పెడితే, "మరి మధ్యలో 2ఎక్స్, 3ఎక్స్ సంగతేంటి?" అని వెంటనే అడుగుతాం. అదే మనం గోల్ఫ్ కిట్ కొనేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న మర్చిపోతున్నాం. అందరూ 52, 56, 60 అంటున్నారు కాబట్టి ఆ మూడు వెడ్జ్‌లూ కార్ట్‌లో వేసేస్తున్నాం. ఒక్కో బ్రాండెడ్ వెడ్జ్ ఒక బడ్జెట్ ఫోన్ ధర పలుకుతున్నప్పుడు, ఈ గుడ్డి లెక్క మన జేబుకి మంచిది కాదు.

అసలు తేడా ఎక్కడుంది?

లాఫ్ట్ అంటే క్లబ్ ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పే కోణం. అది పెరిగేకొద్దీ బంతి పైకి లేస్తుంది, దూరం తగ్గుతుంది. ఒకప్పుడు పిచింగ్ వెడ్జ్, అంటే పీడబ్ల్యూ, దాదాపు 48 డిగ్రీలు ఉండేది. దాని తర్వాత 52, 56, 60 అంటే నాలుగేసి డిగ్రీల చక్కటి మెట్లు.

ఇప్పుడు కంపెనీలు బంతి దూరం వెళ్లాలని లాఫ్ట్‌లు తగ్గించేశాయి. టేలర్‌మేడ్ స్టెల్త్ సెట్‌లో పీడబ్ల్యూ 43 డిగ్రీలే. టైటిలిస్ట్ టీ100లో 46. పేరు పాతదే, లోపల స్పెక్ మారిపోయింది. 8 జీబీ ర్యామ్‌కి వర్చువల్ ర్యామ్ కలిపి డబ్బా మీద 16 అని వేసినట్టే ఇదీ.

స్టెల్త్ సెట్ ఉన్నవాళ్లు 52 కొంటే మధ్యలో ఏకంగా 9 డిగ్రీల గొయ్యి. ఒక్కో డిగ్రీకి సుమారు రెండు మూడు గజాలు వేసుకున్నా, 20 గజాల పైనే తేడా. ఆ మధ్య దూరానికి మీ బ్యాగులో క్లబ్ లేదన్నమాట. పైగా 52, 56, 60 మాత్రం ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి.

మరి ఏం కొనాలి?

ముందు మీ పీడబ్ల్యూ లాఫ్ట్ కంపెనీ సైట్‌లో చూడండి. అక్కడి నుంచి 4 నుంచి 6 డిగ్రీల మెట్లు వేయండి. 43 ఉంటే 49, 55. 46 ఉంటే 51, 56. 48 ఉంటే 52, 56. కొత్తవాళ్లకి ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం.

"ప్రొఫెషనల్స్ 60 వాడతారు కదా?" అంటారా? వాళ్లు దాంతో గంటల తరబడి ప్రాక్టీస్ చేస్తారు. మనకి శ్రీకాకుళం నుంచి విశాఖ ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి వెళ్లాలంటేనే వంద కిలోమీటర్ల పైన ప్రయాణం. విజయనగరం వాళ్లకి కాస్త నయం, అంతే. వారాంతంలో మాత్రమే ఆడేవాళ్లకి 60 డిగ్రీల క్లబ్ కత్తి మీద సామే. కొంచెం గురి తప్పితే బంతి కింద నుంచి జారిపోతుంది, లేదా అంచు తగిలి గ్రీన్ దాటిపోతుంది. ఎత్తు కావాలంటే 56 ముఖాన్నే కాస్త తెరిచి పట్టుకోవచ్చు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

డిగ్రీలతో పాటు బౌన్స్ కూడా చూడాలి. క్లబ్ అడుగు భాగం నేలలోకి దిగబడకుండా కాపాడే కోణం అది. ఇసుకలో, వానకి నానిన నేల మీద ఎక్కువ బౌన్స్ మేలు. ఎండాకాలం గట్టిపడ్డ నేల మీద తక్కువ ఉంటే బంతి కిందకి సులువుగా వెళ్తుంది. ఒకే శాండ్ వెడ్జ్ కొంటే 10 నుంచి 12 డిగ్రీల బౌన్స్ మధ్యేమార్గం.

ముందు కొలవండి

నన్నడిగితే మొదటి ఖర్చు వెడ్జ్ మీద కాదు, కొలత మీద పెట్టాలి. నలుగురు ఫ్రెండ్స్ కలిస్తే గార్మిన్ అప్రోచ్ ఆర్10 లాంటి లాంచ్ మానిటర్ కొనుక్కోవచ్చు. ఫోన్‌కి కనెక్ట్ చేసి, ఒక్కో క్లబ్‌తో పది బంతులు కొట్టండి. బాగా ఎక్కువొచ్చిన ఒకటి, బాగా తక్కువొచ్చిన ఒకటి తీసేసి, మిగిలిన ఎనిమిదికి క్యారీ సగటు చూడండి. క్లబ్‌కీ క్లబ్‌కీ 10 నుంచి 15 గజాల తేడా ఉంటే మీ సెట్ బాగున్నట్టే. ఎక్కడైనా 20 దాటితే అక్కడే కొత్త వెడ్జ్ కావాలి. 5 గజాలే ఉంటే రెండిట్లో ఒకటి దండగ.

బెంచ్‌మార్క్ చూడకుండా ఫోన్ కొనని మనం, క్యారీ చూడకుండా వెడ్జ్ ఎందుకు కొనాలి?